ఐ.పి. పెట్టిన ఇంట పొయ్యి, దీపము

అప్పు చేసి పప్పు కూడు తినరాదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. కాని మన రైతుల అప్పులలో హెచ్చు భాగము పప్పు కూటికి చేసినవి కావు. విత్తనమునకు, ఎరువునకు, పురుగు మందునకు, ఎండిన బోరు ప్రక్కన మరియొక బోరు వేయించుటకు, కౌలు ముందుగా చెల్లించుటకు చేసినవి. వరుసగా రెండు పంటలు పోయినచో వడ్డీ పెరిగి అసలుతో పోటీ పడును. అప్పుడు గ్రామములో వినవచ్చు మాట ఒకటే: "ఫలానివాడు ఐ.పి. పెట్టినాడు."

ఐ.పి. అనగా ఇన్సాల్వెన్సీ పిటిషను, అనగా దివాలా దరఖాస్తు. ఈ రెండక్షరములు నేడు తెలుగు గ్రామములలో చదువు రానివారికి కూడ తెలియును. కాని పిటిషను పెట్టిన మరునాటి ఉదయము ఆ ఇంట పొయ్యి ఎట్లు వెలుగునో, నెలాఖరున కరెంటు బిల్లు ఎట్లు కట్టుదురో మాట్లాడువారు అరుదు. వకీలు కోర్టు సంగతి చూచును. అప్పులవారు తమ ప్రోనోట్ల సంగతి చూచుకొందురు. ఇంటి సంగతి చూచువారు ఎవరు?

నా అభిప్రాయమును ముందుగనే చెప్పెదను. ఐ.పి. పెట్టిన కుటుంబమును కోర్టు ఉత్తరువు ఒక్కటే నిలబెట్టజాలదు. ఇంటి వెచ్చములకు, కరెంటుకు, గ్యాసుకు క్రొత్త అప్పు చేయకుండ, నెల ఖర్చును కాగితముపై వ్రాసి దానికి లోబడి నడచినప్పుడే ఆ కుటుంబము నిలుచును. పిటిషను వ్రాయుటకు ఎంత శ్రద్ధ కావలెనో ఈ ఖర్చుల పట్టిక వ్రాయుటకును అంత శ్రద్ధ కావలెను. చట్టము కూడ ఇందుకు కొంత చోటు విడిచినది. ఆ చోటు ఉన్నదని మనవారికి తెలియకపోవుటయే విచారకరము.

ఐ.పి. దేనిని ఆపును, దేనిని ఆపదు?

రైతు పెట్టు ఐ.పి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము క్రింద నడచును. 2016లో కేంద్ర ప్రభుత్వము క్రొత్త దివాలా చట్టము చేసినది గాని, అందు వ్యక్తులకు సంబంధించిన భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు జామీను నిలిచిన వారికి మాత్రమే అమలు చేయబడినది. కావున సామాన్య రైతునకు పాత చట్టమే దిక్కు.

కోర్టు ఒకనిని దివాలాదారుగా ప్రకటించినచో అతని ఆస్తి కోర్టు చేతికి గాని, కోర్టు నియమించిన రిసీవరు చేతికి గాని పోవును. అటుపై పాత అప్పులవారు కోర్టు అనుమతి లేనిదే అతనిపై విడిగా దావా వేయుటకు వీలులేదు. ఇది పెద్ద ఊరట. కాని దీనికి హద్దులు ఉన్నవి.

తాకట్టు పెట్టిన భూమిపై, కుదువ పెట్టిన బంగారముపై ఆ అప్పులవానికి గల హక్కు ఐ.పి. వలన పోదు. ప్రభుత్వమునకు చెల్లించవలసిన బాకీలు కోర్టు విడుదల ఇచ్చినను తీరిపోవు. విడుదల దానంతటది రాదు. కోర్టు నిర్ణయించిన గడువులోపల దాని కొరకు దరఖాస్తు పెట్టుకొనవలెను. గడువు దాటనిచ్చినచో దివాలా ప్రకటనయే రద్దు కాగలదు. అప్పుడు అప్పులవారందరు తిరిగి తలుపు తట్టుదురు. పిటిషను పెట్టి, వకీలుకు రుసుము చెల్లించి, పని ముగిసినదని ఇంట కూర్చున్నవారు ఇందువలన చిక్కులలో పడుదురు.

అన్నిటికంటె ముఖ్యమైన హద్దు మరియొకటి కలదు. ఐ.పి. పాత అప్పులకు సంబంధించినది. రేపు వండుకొను బియ్యము, వచ్చే నెల కరెంటు బిల్లు, అయిపోవచ్చిన గ్యాసు బండ దాని క్రిందికి రావు. వాటిని కుటుంబము తన చేతి డబ్బుతో కొనుక్కొనవలసినదే.

చట్టము ఇంటికి విడిచినది

దివాలా తీసినవాని కట్టుబట్టలు తప్ప సమస్తమును పోవునని చాలమంది భయపడుదురు. ఇది నిజము కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము జప్తు చేయరాని వస్తువులు కొన్ని కలవు. ఐ.పి.లో కూడ అవి రిసీవరు చేతికి పోవు. రైతు కుటుంబమునకు వర్తించువానిని ఇచట పేర్కొనుచున్నాను.

ఇంటివారికి అవసరమైన బట్టలు, వంట పాత్రలు, మంచములు, పడకలు, ఆచారమును బట్టి స్త్రీలు విడువరాని నగలు మొదటివి. రైతు వ్యవసాయపు పనిముట్లు, అతని జీవనోపాధికి అవసరమని కోర్టు తలచినంత మేర పశువులు, విత్తన ధాన్యము రెండవవి. రైతు స్వంతమై, అతడు నివసించుచున్న ఇల్లు, దానిని అంటియున్న స్థలము మూడవది. ఆ ఇల్లు అంతకుముందే తాకట్టులో ఉన్నచో మాత్రము ఈ రక్షణపై ఆశ పెట్టుకొనరాదు. కూలివారి కూలి, అది డబ్బు రూపమున నున్నను ధాన్యము రూపమున నున్నను, జప్తునకు లోబడదు. రైతు తన చేలో పని లేని దినములలో కూలికి పోయి తెచ్చిన డబ్బు ఇంటి పొయ్యికి భద్రమైన ఆధారము అని దీనివలన తెలియుచున్నది.

ఇంకొక సంగతి చాలమంది ఎరుగరు. 1920 చట్టము 66వ సెక్షను ప్రకారము, దివాలాదారుని, అతని కుటుంబమును పోషించుటకై అతని ఆస్తి నుండి కొంత భత్యము ఇప్పించుటకు కోర్టుకు అధికారము కలదు. కోర్టు దానిని తగ్గించవచ్చును, హెచ్చించవచ్చును, మాన్పించవచ్చును. కాని అడుగువాడు ఎంత కావలెనో, ఎందుకు కావలెనో చెప్పగలిగి ఉండవలెను గదా! "మా ఇల్లు గడువదు, దయ చూపుడు" అని వ్రాసిన దరఖాస్తునకును, బియ్యమునకు ఇంత, కరెంటుకు ఇంత, గ్యాసుకు ఇంత, మందులకు ఇంత అని ఆరు నెలల లెక్కతో వ్రాసిన దరఖాస్తునకును ఎంతో భేదము కలదు. ఇంటి పద్దు పుస్తకము కోర్టులో కూడ పనికివచ్చును.

ఏబది రూపాయల నిబంధన

పల్లెటూళ్ళలో ఇంటి సరుకులు చాలవరకు ఖాతాపై నడచును. "అన్నా, ఈ నెల సరుకు పద్దులో వ్రాసుకో, పంట రాగానే ఇచ్చుకొందును" అనుట మనకు అలవాటు. ఐ.పి. పెట్టి దివాలాదారుగా ప్రకటింపబడి, ఇంకను విడుదల పొందనివానికి ఈ అలవాటు ప్రమాదకరము. 1920 చట్టము 72వ సెక్షను ప్రకారము, అట్టివాడు తాను దివాలాదారునని చెప్పకుండ ఎవరి వద్దనైనను ఏబది రూపాయలు గాని అంతకు మించి గాని అరువు పుచ్చుకొనుట నేరము. దానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

1920లో ఏబది రూపాయలు పెద్ద మొత్తము. నేడు ఆ డబ్బుకు కిలో కందిపప్పు రాదు. అనగా కిరాణా కొట్టులో వారము దినముల సరుకు ఖాతాపై తెచ్చుకొన్నను ఈ నిబంధన తగులును. ఊరిలో అందరికిని తెలిసినదే గదా అని ఊరకుండరాదు. ప్రక్క ఊరి ఎరువుల కొట్టువానికి, పాత బస్తాల వర్తకునికి తెలిసి ఉండనక్కర లేదు. అరువు తప్పనప్పుడు నోరు తెరచి చెప్పవలెను. అంతకంటె మేలైనది అరువు మానివేయుటయే. ఖాతాపై తెచ్చిన సరుకునకు కొట్టువాడు ధర కొంచెము హెచ్చుగా వేయుటయు, తూకమును ఇంటివారు నిలబడి చూచుకొనకపోవుటయు సామాన్యము. రొక్కమిచ్చి అర కిలో తెచ్చుకొన్నవాడు ఖాతాపై కిలో తెచ్చుకొన్నవానికంటె మేలు పొందును.

ఏ ఖర్చు ముందు?

రైతుకు రాబడి ఏడాదికి ఒకటి రెండు మార్లు వచ్చును. ఖర్చు నెలనెలా వచ్చును. బాగుగ నడచు ఇంటిలోనే ఈ తేడా ఇబ్బంది పెట్టును. దివాలా తీసిన ఇంటిలో చెప్పనక్కర లేదు. అందువలన నెలనెలా చేతికి వచ్చు చిన్న రాబడిని నెలనెలా వచ్చు ఖర్చులతో ముడివేయుట మొదటి సూత్రము. పాల కేంద్రము వారు పది పదునైదు దినములకు ఒకసారి ఇచ్చు పాల డబ్బు, కోళ్ళు, గుడ్లు, పెరటి కూరల డబ్బు, కూలి డబ్బు ఇంటిదని నిర్ణయించుకొనవలెను. ఈ డబ్బు ఇల్లాలి చేతిలో ఉండుట మేలు. పద్దు పుస్తకము ఆమె గాని, చదువుకొనుచున్న పిల్లలు గాని వ్రాయవచ్చును. దాచిపెట్టు ఉద్దేశముతో చేయవలసిన పని కాదు ఇది. వచ్చినదియు, పోయినదియు కోర్టు అడిగిన నాడు చూపుటకు వీలుగ ఉండవలెను.

ఖర్చుల వరుస ఇట్లుండుట మంచిదని నా తలంపు. మొదట తిండి. రెండవది పొయ్యి, దీపము. మూడవది మందులు. నాల్గవది పిల్లల చదువు. అయిదవది వచ్చే పంటకు విత్తనము. ఆ తరువాతనే తక్కినవి.

తిండి విషయములో 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద ప్రాధాన్య కుటుంబములకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగా వచ్చును. 2023 జనవరి నుండి దానికి ధర కూడ తీసుకొనుట లేదు. ఐదుగురున్న ఇంటికి 25 కిలోలు. ఇంతకాలము ఈ బియ్యమును చిన్నతనమని వదలినవారు, అమ్ముకొన్నవారు ఇప్పుడు వండుకొనుటకు సిగ్గుపడరాదు. కందులు, పెసలు, మినుములు పండించు రైతు ఇంటి కొరకు కొంత నిలుపుకొనక మొత్తము అమ్మి, రెండు నెలల తరువాత కొట్టులో కొనుట కూడ తగదు.

మానవలసిన ఖర్చులలో ముఖ్యమైనవి మూడు. ఒకటి, క్రొత్త చీటీలు కట్టుట. రెండు, బండికి, ఫోనుకు వాయిదాలు పెట్టుట. మూడు, పెండ్లి పేరంటములలో చదివింపులు. ఈ మూడవదానిని మానుట మన వారికి బహు కష్టము. మేనకోడలి పెండ్లికి చదివింపు చదివించకున్న తల ఎత్తుకొనలేమని అప్పు చేయువారు కలరు. ఇందు బంధువుల బాధ్యతయే హెచ్చు. "బావా, నీవు వచ్చి అక్షింతలు వేసినను చాలును" అని ముందుగా కబురు పంపుట నిజమైన బంధుత్వము.

పరువు మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. పిటిషనుకు ముందు చేతిలోనున్న నాలుగు రూపాయలను అందరికంటె దగ్గరివాడైన అప్పులవానికి, తరచుగా బావమరిదికో వియ్యంకునికో, ఇచ్చివేయుట కలదు. తక్కిన అప్పులవారిని కాదని ఒకనికి మేలు చేయు ఉద్దేశముతో, పిటిషనుకు ముందు మూడు నెలలలోపల ఇట్లు చెల్లించినది చెల్లదని కోర్టు చెప్పగలదు. బంధువునకు మేలు కలుగదు, ఇంటికి నూకలు మిగులవు.

కరెంటు బిల్లు

పంపుసెట్టుకు కరెంటు ఉచితమైనను ఇంటి మీటరుకు లెక్క వేరు. ఇంటి కరెంటు ధర యూనిట్లు పెరిగినకొలది పెరుగును. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 సంవత్సరమునకు నిర్ణయించిన ధరలను ఉదాహరణగా తీసుకొందము. మొదటి 30 యూనిట్లకు యూనిట్టుకు 1.90 రూపాయలు, 31 నుండి 75 వరకు 3 రూపాయలు, 76 నుండి 125 వరకు 4.50 రూపాయలు, 126 నుండి 225 వరకు 6 రూపాయలు. ఇతర రుసుములు వేరు.

ఒక ఇంట నెలకు 150 యూనిట్లు కాలుచున్నవనుకొందము. యూనిట్ల వెల 567 రూపాయలు అగును. ఇప్పుడు ఈ క్రింది మార్పులు చేయుదము.

నాలుగు పాత 60 వాట్ల బల్బులు దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 36 యూనిట్లు. వాటి స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు పెట్టినచో 5.4 యూనిట్లు. మిగులు 30.6 యూనిట్లు. ఇంటిలో మార్చినను పశువుల పాకలో, వాకిటిలో పాత బల్బులు ఉంచువారు కలరు. అవియే ఎక్కువసేపు వెలుగును.

స్నానపు నీళ్ళకు 1500 వాట్ల హీటరు కడ్డీ దినమునకు అర గంట పెట్టినచో నెలకు 22.5 యూనిట్లు. దానిని మానివేసి కాగులో నీళ్ళు కాచుకొనవచ్చును, లేదా ఎండలో పెట్టుకొనవచ్చును.

75 వాట్ల ఫ్యానులు రెండు, ఎవరును లేని గదిలో దినమునకు 3 గంటలు ఊరక తిరుగుట మానినచో నెలకు 13.5 యూనిట్లు మిగులును.

మొత్తము 66.6 యూనిట్లు తగ్గి, మీటరు సుమారు 83 యూనిట్లు చూపును. యూనిట్ల వెల 228 రూపాయలు. యూనిట్లు సగమునకు కొంచెము పైగా ఉన్నవి గాని, వెల సగమునకంటె బాగుగ తగ్గినది. కారణమేమన, మనము మిగిల్చినవి అన్నిటికంటె ఖరీదైన పైమెట్టు యూనిట్లు. నెలకు 339 రూపాయల చొప్పున ఏడాదికి 4,068 రూపాయలు మిగులును. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 17,000 రూపాయల అప్పుకు ఏడాది వడ్డీ ఇంచుమించు ఇంతే. అప్పు చేసి పొదుపు వస్తువులు కొనుమని మాత్రము నేను చెప్పుట లేదు. ముందు బల్బులు మార్చుడు. వాటివలన మిగిలినదానితో తక్కినవి చూడుడు.

తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. హద్దు దాటిన నెలలో బిల్లు కట్టవలసియుండును. అట్టి ఇండ్లవారు నెల మధ్యలో ఒకసారి మీటరు చూచుకొనుట అలవాటు చేసికొనవలెను.

బిల్లు కట్టుట ఆలస్యమైనచో ఏమగును? 2003 నాటి విద్యుత్ చట్టము 56వ సెక్షను ప్రకారము, వ్రాతపూర్వకముగా పూర్తి 15 దినముల నోటీసు ఇవ్వనిదే కరెంటు తీసివేయరాదు. బిల్లు తప్పుగా వచ్చినదని తోచినచో, అడిగిన సొమ్మును గాని, గడచిన ఆరు నెలల సగటు లెక్కకు వచ్చు సొమ్మును గాని అభ్యంతరము తెలుపుచు చెల్లించినచో, వివాదము తేలువరకు కరెంటు తీయరాదు. ఫిర్యాదు వినుటకు వినియోగదారుల వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ కలరు. రెండేండ్ల క్రిందటి బాకీని ఇంతకాలము బిల్లులలో చూపక, నేడు హఠాత్తుగా కట్టుమని కరెంటు తీయుటకు వీలులేదు.

ఈ హక్కులతోబాటు ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. ఇంటి కరెంటు పోయినదని చేలోని పంపుసెట్టు సర్వీసు నుండి ఇంటికి తీగ లాగుట కొందరు చేయుచుందురు. ఇది అనధికార వినియోగము. దీనికి రెట్టింపు ధర వేయుదురు. నేరుగా తీగలకు కొక్కెము తగిలించినచో అది దొంగతనము, మూడేండ్ల వరకు జైలు. ప్రాణభయము సరేసరి. నెలకు రెండు మూడు వందల బిల్లు కొరకు మనిషిని పోగొట్టుకొన్న ఇల్లు ఏ కోర్టు వలనను కోలుకొనజాలదు.

పొయ్యి

గ్యాసు బండలో ఉండునది 14.2 కిలోలు. బండ పెట్టిన నాడు దానిపై సుద్దతో తేదీ వ్రాయుడు. 40 దినములకు అయిపోవుచున్నచో ఏడాదికి తొమ్మిది బండలు, 50 దినములు వచ్చినచో ఏడు. రెండు బండల ఖరీదు చిన్నది కాదు. పప్పును ముందుగా నానబెట్టుట, మూత పెట్టి వండుట, స్నానపు నీళ్ళను గ్యాసుపై కాచకుండుట అను మూడింటివలననే ఈ తేడా చాలవరకు వచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న దీపము-2 పేర ఏడాదికి మూడు ఉచిత బండల పథకము మొదలిడినారు. అదే ఏడాది తెలంగాణలో అర్హులకు 500 రూపాయలకే బండ ఇచ్చుట ప్రారంభించినారు. అర్హత కలిగియు ఆధారు, రేషను కార్డు, బ్యాంకు ఖాతా ఒకదానితో ఒకటి సరిపడక వీనిని పోగొట్టుకొనుచున్నవారు పంచాయతీ కార్యాలయమునకు పోయి సరిచేయించుకొనవలెను.

రైతు ఇంట కంది కంప, పత్తి కట్టె, మొక్కజొన్న బెండ్లు ఊరకనే లభించును. వీనిని చేలో తగులబెట్టక, ఎండబెట్టి వామి వేసికొన్నచో నీళ్ళ కాగుకు ఏడాది పొడుగున సరిపోవును. పొగ గొట్టము గల పొయ్యి పెట్టుకొన్నచో ఆడవారి కండ్లు, ఊపిరితిత్తులు బాగుండును. పిడకలను మాత్రము పొయ్యిలో పెట్టకుండుట మంచిది. పేడ పొలమునకు పోవలసిన ఎరువు. దానిని కాల్చి, అప్పు చేసి ఎరువుల బస్తా కొనుట తగునా?

పెరటిలో పాడుపడిన గోబరు గ్యాసు గుంట ఉన్నచో దానిని బాగు చేయించుడు. ఒక కుటుంబమునకు సరిపోవు 2 ఘనపు మీటర్ల గుంటకు దినమునకు 50 కిలోల పేడ, అంతే నీరు కావలెను. రెండు గేదెలు, రెండు ఎడ్లు ఉన్న ఇంట ఇంచుమించు అంత పేడ వచ్చును. గుంటనుండి వెలువడు చిక్కని నీరు చేనికి ఎరువుగా పోవును. పొయ్యియు వెలుగును, పొలమునకు ఎరువును దక్కును.

ఐ.పి. వరకు రాకముందు

ఇంకను ఐ.పి. పెట్టని రైతులు కొన్ని మార్గములు చూచుకొనవలెను. కిసాన్ క్రెడిట్ కార్డు హద్దు నిర్ణయించునప్పుడు, పంట ఖర్చుకు తోడు అందులో 10 శాతమును కోత అనంతర ఖర్చులకు, ఇంటి అవసరములకు కలుపుదురు. పంట ఖర్చు 60,000 రూపాయలైనచో ఇది 6,000 రూపాయలు. ఈ సంగతి తెలియక, ఇంటి ఖర్చుకు మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చువారు ఎందరో. మూడు రూపాయల వడ్డీ అనగా ఏడాదికి నూటికి 36.

ప్రకృతి వైపరీత్యమువలన పంట 33 శాతము గాని అంతకు మించి గాని పోయినప్పుడు బ్యాంకులు పంట ఋణమును వాయిదాలుగా మార్చుటకు 2018లో రిజర్వు బ్యాంకు ఆదేశములు జారీ చేసినది. పంట నష్టపు లెక్కలో పేరు ఎక్కినదా లేదా అని రైతు వెంటనే చూచుకొనవలెను. ప్రైవేటు అప్పుల విషయములో లోక్ అదాలత్ కలదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, తక్కువ రాబడి గలవారికి 1987 నాటి న్యాయ సేవల చట్టము క్రింద వకీలును ఉచితముగా ఇత్తురు. తెలంగాణలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతిపనుల వారి కొరకు 2016లో ఋణ విమోచన కమిషను చట్టము చేయబడినది.

గ్రామాధికారుల కర్తవ్యము

ఒక ఇల్లు ఐ.పి. పెట్టినదని తెలిసినప్పుడు గ్రామాధికారులు అది కోర్టు వ్యవహారమని ప్రక్కకు తొలగుట సరి కాదు. పంచాయతీ కార్యదర్శి ఆ ఇంటి రేషను కార్డు, గ్యాసు, పింఛను సంగతులు సరిగా ఉన్నవో లేవో చూడవలెను. వ్యవసాయ విస్తరణాధికారి తక్కువ పెట్టుబడితో వచ్చు పంటను, అపరాలను, పెరటి తోటను సూచింపవలెను. లైనుమాను నోటీసు లేకుండ తీగ కోయరాదు. ఇంటి ముందు బైఠాయించి తలుపులు పీకుటకు, పశువులను తోలుకొని పోవుటకు కోర్టు ఉత్తరువు లేని ఏ అప్పులవానికిని హక్కు లేదని ఊరి పెద్దలు చెప్పవలెను. ఇవి ఖజానా నుండి ఒక్క పైసా అక్కరలేని పనులు.

ఇట్లు వ్రాసినచో అందరును ఐ.పి. బాట పట్టుదురని, అప్పు ఇచ్చినవాని గతి ఏమని కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అప్పు ఇచ్చినవారందరు షావుకార్లు కారు. కూలి చేసి కూడబెట్టినది వడ్డీకి ఇచ్చిన వితంతువులు కూడ అందు ఉందురు. ఆస్తిని ముందుగా భార్య తమ్ముని పేర వ్రాసి, పిదప ఐ.పి. పెట్టువారిని నేను సమర్థించుట లేదు. పిటిషనుకు ముందు రెండేండ్లలోపల న్యాయమైన వెల లేకుండ చేసిన అట్టి బదిలీలను కోర్టు రద్దు చేయగలదు. ఆస్తి దాచినవానికి, లెక్కలు మార్చినవానికి జైలు శిక్ష కూడ కలదు. నేను చెప్పునది నిజముగ చితికిన రైతును గూర్చి. అతని ఇంట పొయ్యి ఆరి, కుటుంబము ఊరు విడిచి వలస పోయినచో ఆ వితంతువునకు ఏమి దక్కును? అతడు చేలో నిలిచి, లెక్క వ్రాసికొని, క్రొత్త అప్పు లేక నడచినచో కోర్టు ద్వారా ఆమెకు కొంతైనను చేరు ఆశ కలదు. ఆ ఇంటి పొదుపు అప్పులవారికి కూడ మేలే.

కావున ఐ.పి. తలపెట్టిన ప్రతి రైతు సోదరుడు వకీలు వద్దకు పోవుటకు ముందు ఒక రాత్రి భార్యతో, ఎదిగిన పిల్లలతో కూర్చుండి, నెలకు ఇంటికి కావలసినది ఎంతో, నెలకు చేతికి వచ్చునది ఎంతో కాగితముపై వ్రాయవలెను. అప్పుల పట్టికతోబాటు ఆ కాగితమును కూడ వకీలుకు చూపి, 66వ సెక్షను క్రింద భత్యము అడుగుటకు వీలున్నదేమో కనుగొనవలెను. విడుదల కొరకు దరఖాస్తు పెట్టవలసిన గడువు తేదీని అదే కాగితము పైభాగమున పెద్ద అక్షరములతో వ్రాసి, అందరికిని కనబడు చోట గోడకు అంటింపవలెను.